బల్లారాధన రసం, ఇటలీ పాకం

ఇటలీ గురించి ఏం కావాలన్నా నన్ను అడగండి. రోము వీధులు నాకు మా ఏలూరు పవర్‌పేట సందుల్లాగే తెలుసు. ఏ మలుపులో కాఫీ బావుంటుందో, ఏ మెట్ల మీద కూర్చుంటే సాయంత్రం గాలి తగులుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా తెలుగు చర్చి పెద్దల కూటమికి ఆరాధన అయ్యాక టీ తాగుతూ ఇవన్నీ చాలాసార్లు చెప్పాను. వాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు.

నిజం చెప్పాలంటే నేను చూసిన ఇటలీ రోము విమానాశ్రయం ఒక్కటే. అమెరికా వస్తూ అక్కడ విమానం మారాం. గాజు గోడకి అవతల సామాను బండ్లు, ఇవతల కాగితం పళ్లెంలో ఒక పిజ్జా ముక్క. అందులోనూ సగం మా ఆవిడ తినేసింది.

కానీ ఆ మిగిలిన సగం ముక్కతో పుట్టిన ప్రేమ మాత్రం అబద్ధం కాదు. కూతురింట్లో స్థిరపడ్డాక చెయ్యడానికి పనేమీ లేక, వీడియోలు చూసి పాస్తా పిండి కలపడం నేర్చుకున్నాను. చపాతీ కర్రతో పల్చగా ఒత్తి, రిబ్బన్లుగా కోసి, బట్టలు ఆరేసే స్టాండు మీద వేలాడదీసేవాణ్ని. ఇటలీలో ఏ ఊరివాళ్లు ఏ ఆకారం పాస్తా తింటారో, ఏ కొండ మీద ఏ ద్రాక్ష పండుతుందో బట్టీ పట్టాను. వైను గురించి మాత్రం చదవడమే. మా చర్చివాళ్లం ముట్టం కదా.

ఆ ముట్టని చర్చిలోనే ఆగస్టు నెలలో పెద్ద గొడవ జరిగింది.

మా ఏలూరు చర్చిలో నెలకొకసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం పంచే సంస్కారపు ఆదివారానికి ద్రాక్షారసం మా ఇంట్లోనే కాచేవారు. అది మా అమ్మ పని. మా ఆవిడ కోడలిగా వచ్చిన ఏడాదే ఆ గిన్నె ఆవిడ చేతికి వచ్చింది. నల్లద్రాక్ష సగం ఉడికించి పంచదార వేసేది. మిగతా సగం పచ్చిగానే పిసికి, వడగట్టి, రంగు కోసం అందులో కలిపేది. శనివారం సాయంత్రం కాచి ఆదివారం పొద్దున బల్ల మీద పెట్టడమే. ఇక్కడికి వచ్చాక, ఒక అమెరికన్ చర్చివారి హాలు అద్దెకి తీసుకుని తెలుగు సంఘం ఆరాధనలు మొదలుపెట్టినప్పుడు, రసం ఎవరు కాయాలన్న మాట ఎవరూ ఎత్తనే లేదు. ఆవిడ వెళ్లి గిన్నె పొయ్యి మీద పెట్టేసింది. కాస్తున్నంతసేపూ ఏదో ఒక కీర్తన సన్నగా పాడుకుంటుంది. నాతో మాట్లాడదు. ఆ పూట ఇంట్లో నాకు భలే స్వేచ్ఛగా ఉంటుంది.

ఆ ఆగస్టులో శనివారం మాకు ఒక పెళ్లి ఉంది. అందుకని రసం సోమవారమే కాచేసింది. ఫ్రిజ్‌లో చోటు లేదు. సీసాలు గరాజ్‌లో పెట్టింది. వర్జీనియా ఆగస్టు ఎండ సంగతి ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆదివారం అందరం భక్తిగా చిన్న గ్లాసులు ఎత్తి తాగాం. నాలిక మీద ఏదో చిమచిమలాడింది. వెనక వరసల్లో కుర్రకారు ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. ఆరాధన అయ్యాక వంటగదిలో మా అల్లుడు మిగిలిన సీసా మూత తిప్పాడు. మూత తుపాకీ గుండులా ఎగిరి, ట్యూబ్‌లైట్ పగలగొట్టి, పాస్టర్‌గారి భుజం మీద వాలింది. సరే, అంత కాదు. టప్పుమని శబ్దం వచ్చింది, మూత సింకులో పడింది, నురగ కారింది. కానీ అది చాలు.

మా అల్లుడిది వరంగల్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చర్చి కమిటీకి సెక్రటరీ కూడా. మనిషి మంచివాడు, రూల్స్ మనిషి. కమిటీ కూర్చుని తీర్మానం చేసింది: సెప్టెంబర్ నుంచి సీలు వేసిన చిన్న కప్పులు, పైన పల్చటి అప్పం బిళ్ల, కింద రసం, ఆన్‌లైన్‌లో ఆర్డర్. ఆ మాట అత్తగారికి చెప్పాల్సిన పని అతనికే పడింది.

"అత్తమ్మా, మీ మీద కంప్లైంట్ కాదు. హాలు వాళ్లకి తెలిస్తే లయబిలిటీ అయితది. అర్థం చేస్కోండ్రి."

"సరే నాయనా, మీ ఇష్టం," అంది మా ఆవిడ.

గిన్నెని చింతపండు పెట్టి తోమి, బేస్‌మెంట్‌లో పై అరలో బోర్లించింది. అంతే. కానీ ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి ఆఖరి వరసలోకి మారింది. వంట మామూలుగానే చేస్తోంది, పాట మాత్రం లేదు. ఆవిడ అడగదు, నాకు తెలుసు. ఆ గిన్నె కిందకి దిగకపోతే ఆవిడ ఆ ఆఖరి వరసలోనే ఉండిపోతుందని కూడా తెలుసు.

అదే సమయంలో పాస్టర్‌గారు పెద్దల కూటమికి అక్టోబర్‌లో ఒకరోజు యాత్ర ఏర్పాటు చెయ్యమని నాకు చెప్పారు. మా ఆవిడ మనసు తేలిక చెయ్యడానికే ఒక ఇటాలియన్ ద్రాక్షతోట ఎంచుకున్నానని తర్వాత చాలామందితో చెప్పాను. విన్నవాళ్లలో ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. అబద్ధం. బ్లూ రిడ్జ్ కొండల కింద ఒక ఇటాలియన్ కుటుంబం నెబ్బియోలో అనే ద్రాక్ష పండిస్తోందని చదివాను. మన జీవితంలో ఇటలీకి ఇంతకన్నా దగ్గరికి వెళ్లలేమనిపించింది. ఒక్కసారి ఆ వైను నాలికకి తగిలించాలని నా దురాశ.

కమిటీకి 'ఫార్మ్ విజిట్' అని రాసిచ్చాను. పెద్దలకి 'ద్రాక్షతోట' అని చెప్పాను. రెండూ నిజమే. బైబిల్‌లో ఇన్ని చోట్ల చదివిన ద్రాక్షతోటని కళ్లారా చూడబోతున్నామని వాళ్లు పొంగిపోయి, పాటల పుస్తకాలు కూడా సర్దుకున్నారు.

బస్సు నిండా జనంతో బయల్దేరాం. బస్సు అంటే అద్దె వ్యాను. జనం అంటే డ్రైవ్ చేస్తున్న మా అల్లుడితో కలిపి తొమ్మిది మందిమి. అరవై ఆరో నంబరు హైవే మీద పడమరకి పోయి, తర్వాత దక్షిణానికి తిరిగితే ఊళ్లు పల్చబడి, దూరంగా కొండలు నీలంగా కనపడతాయి. ఆకులు రంగు తిరిగే రోజులు. దారి పొడుగునా ఇటలీ ప్రాంతాల తిండి గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఉత్తరాదివాళ్లు వెన్న, దక్షిణాదివాళ్లు ఆలివ్ నూనె. కొండల్లో మొక్కజొన్న సంకటి, దాన్ని పొలెంతా అంటారు.

"సంకటి తినడానికి ఇంత దూరమా అన్నయ్యగారూ? ఇంట్లో గెలికి పెడుదును కదా," అంది హెడ్‌మిస్ట్రెస్‌గారు.

ఆవిడ పాలకొల్లులో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయింది. మా సంఘంలో పాస్టర్‌గారు కూడా ఆవిడకి భయపడతారు. కాఫీని కూడా మత్తు పదార్థమనే మనిషి.

వ్యాను గేటు దాటి ఆగింది. బోర్డు చదివి మా అల్లుడు స్టీరింగ్ వదిలి నా వైపు తిరిగాడు.

"ఏంది మామయ్యా, ఫార్మ్ అన్నరు కదా? ఇది వైనరీ!"

"ఫార్మే కదయ్యా. అవిగో, చెట్లు."

"సీనియర్స్ ఫెలోషిప్‌ని వైనరీకి తీస్కపోయిన అని కమిటీకి ఎట్ల చెప్పాలె నేను?"

"రాసిచ్చింది నేను, డ్రైవ్ చేసింది నువ్వు. ఇద్దరం కలిసి చెబుదాం."

ఈలోగా మిగతావాళ్లు దిగి లోపలికి నడిచేశారు. పెద్ద చెక్క హాలు. పొడుగాటి బల్ల వెనక ఒక అమ్మాయి, ముందు పదిమంది అమెరికన్లు గ్లాసులు తిప్పుతూ, ముక్కులు లోపల పెట్టి వాసన చూస్తూ.

"వాళ్లు ఏం చేస్తున్నారండీ?" అంది హెడ్‌మిస్ట్రెస్‌గారు.

"పంట ఎలా వచ్చిందో పరీక్ష చేస్తున్నారమ్మా."

"పాపం, రైతులా! అయితే ఈ తోట కోసం ప్రార్థన చేద్దాం."

నేను ఆపేలోపే ఆవిడ కళ్లు మూసుకుని, నడి హాల్లో నిలబడి మొదలుపెట్టింది. మావాళ్లంతా చుట్టూ చేరి తలలు వంచారు. నాటినవాడి కోసం, నీరు పెట్టినవాడి కోసం, తీగ కోసం, ఆకు కోసం. ఆవిడ ప్రార్థన అంత తొందరగా అవదు. బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. అమెరికన్లు ఒక్కొక్కరే గ్లాసులు కింద పెట్టారు. ఒకాయన టోపీ తీశాడు. చివర్న అందరికన్నా గట్టిగా 'ఆమెన్' అన్నది ఆయనే. వెంటనే గ్లాసు ఎత్తుకున్నాడు.

కళ్లు తెరిచి చూస్తే మా ఆవిడ పక్కన లేదు. వెనక తలుపు దగ్గర నిలబడి గాలి పీలుస్తోంది.

"ఏవండీ, ఎవరో రసం కాస్తున్నారు."

ఆ వాసన వెంబడే పోయింది. వెనకాల నేనూ, మా అల్లుడూ.

హాలు వెనక చెట్టు నీడలో ఇనప మూడుకాళ్ల పొయ్యి మీద వెడల్పాటి రాగి బాన. అందులో నల్లటి ద్రాక్షరసం కుతకుతలాడుతోంది. పక్కన నా వయసు దాటిన ఒక ముసలావిడ, నడుముకి గుడ్డ చుట్టుకుని, పొడుగాటి చెక్క తెడ్డుతో కలియబెడుతోంది. తోట యజమాని తల్లి ఆవిడ. ఇటలీలో పుట్టి, పెళ్లయిన కొన్నేళ్లకి ఇక్కడికి వచ్చింది.

ఇటాలియన్‌లో పలకరించే బాధ్యత నాది కదా. ముందుకి వెళ్లి, నోటికి వచ్చిన నాలుగు మాటలు, చేతులు ఊపుతూ, రాగం తీస్తూ అనర్గళంగా మాట్లాడాను. అవి నాలుగు రకాల పాస్తా పేర్లు. ఆవిడ నా మొహంలోకి జాలిగా చూసి, "ఆకలిగా ఉందా? లంచ్ లోపల పెడతారు. నాకు ఇంగ్లిష్ వచ్చు," అని ఇంగ్లిష్‌లో చెప్పింది.

నన్ను పక్కకి జరిపి మా ఆవిడ బాన మీదకి వంగింది.

"షుగర్? హౌ మచ్?"

ముసలావిడ తెడ్డు ఆపేసింది. "షుగరా? నో షుగర్!" ఎవరో ఆవిడ వంశాన్ని తిట్టినట్టు చూసింది.

"పంచదార వెయ్యదటండీ! మరి ఎలా నిలవుంటుందీ?" అంది మా ఆవిడ నాతో.

ఆ తర్వాత మా ఆవిడే, నాకు తెలిసిన ఆవిడే, ఎవరి ముందూ నోరు విప్పని ఆవిడే, తన కథ చెప్పడం మొదలుపెట్టింది. వచ్చిన నాలుగు ఇంగ్లిష్ మాటలతో, మిగతాది చేతులతో. మై చర్చ్. మై జూస్. సోమవారం, ఎండ, సీసా. వేళ్లు విప్పి మూత ఎగిరినట్టు చూపించింది. "టప్! ఫినిష్. నౌ నో జూస్. ప్లాస్టిక్ కప్."

ముసలావిడ మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత తెడ్డు పట్టుకుని ఒంగిపోయి నవ్వింది. మా ఆవిడ మొహం చిన్నబోయింది. ముసలావిడ చెయ్యి ఊపి, కాదు కాదు అంటూ, తన సంగతి చెప్పింది. కొత్త కోడలిగా తొందరపడి రసాన్ని ముందే దించేసిందట. అత్తగారి సామాన్ల గదిలో జాడీలన్నీ పేలిపోయాయట. గోడలకి సున్నం వేసినా మరక పోలేదట. అత్తగారు ఊరందరికీ చూపించిందట. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం ఆగస్టు తర్వాత అదే మొదటిసారి చూడటం.

ముసలావిడ తెడ్డు పైకెత్తి దాని మీద కోసిన గాటు చూపించింది. రసం మూడింట రెండు వంతులు ఇగిరి ఆ గాటు దగ్గరికి దిగేదాకా దించకూడదు. పచ్చి రసం చుక్క కూడా తర్వాత కలపకూడదు. దాని పేరు సాబా. అలా కాచింది ఏళ్ల తరబడి నిలవుంటుందట. చిన్నప్పుడు వాళ్ల కొండ ఊళ్లో మొదటి మంచు పడిన రోజు గిన్నెలోకి మంచు ఎత్తుకుని, దాని మీద ఈ పాకం పోసుకుని తినేవాళ్లట.

వాళ్లిద్దరూ తెడ్డు మార్చుకుంటూ ఉండగా నేను మెల్లగా హాల్లోకి జారుకున్నాను. నెబ్బియోలో రంగు పల్చన, చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. నోట్లో పెడితే పచ్చి నేరేడు వగరు చిగుళ్లని పట్టేస్తుంది. ఆ తర్వాత ఎండిన గులాబీ రేకుల వాసన నెమ్మదిగా వస్తుంది. వాసన మాత్రం చూశానని మా ఆవిడతో చెప్పాను. ఒక్క గుక్క అని పాస్టర్‌గారితో చెప్పాను. మీతో చెబుతున్నాను, రెండు గ్లాసులు.

తిరిగి వచ్చేసరికి మావాళ్లందరూ చెట్టు కిందకి చేరారు. బల్ల మీద వేడి పొలెంతా, గొర్రెపాల చీజ్ తురుము, చిక్కుడు గింజల కూర. హెడ్‌మిస్ట్రెస్‌గారు సంచిలోంచి పండుమిరపకాయ పచ్చడి తీసి, అందరి పళ్లాల్లోనూ ఒక్కో ముద్ద పెడుతోంది. ముసలావిడ ఆ పచ్చడి ఒక వేలితో నాకి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మళ్లీ అడిగింది. రెండేళ్ల కిందటి సాబా సీసా తెరిచి పొలెంతా మీద సన్నటి ధారగా పోసింది. చెరుకు పానకంలా ఉంది, కాకపోతే చివర్న చిన్న పులుపు.

మా ఆవిడ ఒక కాగితం కప్పులో ఆ పాకం కొంచెం వేసి నీళ్లు కలిపింది. తాగి చూసింది. మా అల్లుడికి ఇచ్చింది. అతను రెండుసార్లు చప్పరించాడు.

"ఇది ఫెర్మెంట్ కాదా అత్తమ్మా?"

"రెండేళ్లదట బాబూ. నువ్వే తాగావుగా."

"మస్తుంది గానీ... ఆగస్టుల అయినట్టు మళ్లయితే?"

హెడ్‌మిస్ట్రెస్‌గారి చెయ్యి పచ్చడి మీద ఆగిపోయింది. "ఆగస్టులో ఏమైందీ?"

మా అల్లుడు కప్పులోకి చూశాడు. ఈ విషయం ఆవిడకి తెలియకుండా కమిటీ ఎంత జాగ్రత్త పడిందో నాకు తెలుసు. కప్పుల సంగతి కూడా 'శుభ్రత కోసం' అనే చెప్పారు.

"బాబూ, నిన్నే. ఆగస్టులో ఏమైంది?"

"అంటే ఆంటీ... జూస్ కొంచెం... పులిసింది."

"పులియడమంటే?"

"అంటే... వైన్ లెక్క."

హెడ్‌మిస్ట్రెస్‌గారు స్పూను కింద పెట్టింది. కాసేపు కొండల వైపు చూసింది.

"అందుకా!" అంది. "ఆ రోజు మోకాళ్ల నొప్పి తెలియకుండా మెట్లు దిగాను. దేవుడిచ్చిన స్వస్థత అనుకుని సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్పానే!"

ముందు నవ్వింది ఎవరో చెప్పను. నేనే. తర్వాత అందరూ. ఆవిడ నవ్వలేదు, కానీ కోపం కూడా రాలేదు. మా ఆవిడ వైపు తిరిగింది.

"వదినా, ఇన్నాళ్లూ నీ మొహం చూసి, వంట్లో బాగా లేదేమో అనుకున్నాను. ఇదా సంగతి? నాతో ఒక్క మాట అనొచ్చు కదా."

మా ఆవిడ అల్లుడి వైపు చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నన్ను కూడా ఏదీ కావాలని అడగలేదు. పక్కింటి నుంచి కరివేపాకు తీసుకురావాలన్నా నన్నే పంపేది.

"బాబూ, నవంబర్ బల్లకి నేనే కాస్తాను," అంది. "నాకు ఆ పని కావాలి. మళ్లీ పులిస్తే ఇంకెప్పుడూ అడగను."

మా అల్లుడు సెక్రటరీగా ఆలోచించాడు, అల్లుడిగా నలిగాడు. చివరికి ఇద్దరూ కలిసి ఒక మాట మీదకి వచ్చారు.

"టెస్ట్ చేద్దం అత్తమ్మా. ఇప్పుడే కాయండ్రి. నవంబర్ బల్ల దాకా గరాజ్‌ల పెడదం, ఫ్రిజ్ లేకుంట. కమిటీ ముంగట ఓపెన్ చేద్దం. పాస్ అయితే మీదే."

తోటవాళ్లు మిగిలిన ద్రాక్ష పెట్టెలు వ్యానులోకి ఎక్కించారు. దారంతా నేను కాళ్లు సీటు మీద ముడుచుకుని కూర్చున్నాను. బయల్దేరేముందు ముసలావిడ వంటింట్లోంచి పాత తెడ్డు ఒకటి తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది. మా ఆవిడ పచ్చడి సీసా ఆవిడ చేతిలో పెట్టింది. అది హెడ్‌మిస్ట్రెస్‌గారిది.

మర్నాడే ఇంటి వెనక డెక్ మీద గ్యాస్ బర్నర్ పెట్టి, బేస్‌మెంట్ నుంచి గిన్నె దించాను. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా నేనే కలియబెట్టాను. అంటే, మొదటి గంట. తర్వాత కూర్చున్న చోటే కునుకు తీస్తుంటే తెడ్డు లాక్కున్నారు. తెడ్డు లాక్కున్నది మా అల్లుడు. ఆఫీస్ హెడ్‌సెట్ ఒక చెవికి పెట్టుకుని, మీటింగ్ వింటూ, గాటు వంక చూస్తూ కలిపాడు. కందిరీగలు చుట్టూ మూగాయి. పక్కింటి అమెరికన్ కంచె మీదుగా తొంగి చూసి, ఏం వండుతున్నారని అడిగాడు. మా ఆవిడ "చర్చ్!" అని జవాబిచ్చింది. ఎండ వాలే వేళకి పాట వినపడింది. మొదట చాలా సన్నగా, గొంతు సవరించుకుంటున్నట్టు.

సీసాలు గరాజ్‌లో నీళ్ల హీటర్ పక్కనే పెట్టించాడు మా అల్లుడు. కావాలనే. ఆ రోజుల్లో మా ఆవిడ కారు దిగినప్పుడల్లా వాటి వంక చూసేది, ముట్టుకునేది కాదు. నవంబర్ బల్లకి ముందు శనివారం కమిటీ మా గరాజ్‌లో నిలబడింది. మా అల్లుడు కారు తలుపు తెరిచి, దాని వెనక నుంచి చెయ్యి మాత్రం చాచి, సీసా మూత తిప్పాడు.

ఏమీ కాలేదు. మూత చేతిలోకి వచ్చింది. కమిటీవాళ్ల మొహాల్లో కొంచెం నిరాశ కూడా కనిపించింది. పాస్టర్‌గారు నీళ్లు కలిపి రుచి చూసి, ఇంకొంచెం పోయమన్నారు. మా ఆవిడ మొదట ఆయనకి పోసింది. తర్వాత గోడకి ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. మా అల్లుడు 'పాస్' అని రాసుకున్నాడు.

ఆదివారం ఆవిడ మళ్లీ ముందు వరసలోకి వచ్చింది. చిన్న గ్లాసులు అందరి చేతుల్లోకి వచ్చాయి. పాస్టర్‌గారు కళ్లు మూసుకోమన్నారు. నేను మూసుకోలేదు, ఎప్పుడూ మూసుకోను. ఈసారి ఆవిడ కూడా మూసుకోలేదు. మెడ కొంచెం తిప్పి, తాగుతున్న మొహాలన్నిటినీ ఒక్కొక్కటిగా చూసుకుంటోంది. వెనకాల సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు ఎవరూ చూడట్లేదనుకుని, ఖాళీ గ్లాసులోకి నాలిక పెట్టి అడుగు నాకుతున్నాడు. అది చూసి ఆవిడ పెదవులు బిగించుకుంది, నవ్వు ఆపుకోవడానికి. అంతలో ఆవిడ చూపు నా మీద పడింది. నుదురు ముడిచి, కళ్లు మూసుకోమని సైగ చేసింది.

మూసుకున్నాను. పూర్తిగా కాదు.